అల్లోపురినాల్ వాడుతూ పిల్లల కోసం ప్రయత్నించొచ్చా? మందు డబ్బాలో కాగితం చదివి నిద్ర పట్టట్లేదు

ఎర్ర_బొటనవేలు
గౌట్ (యూరిక్ యాసిడ్ పేరుకుని కీళ్లు వాచి నొప్పెట్టే జబ్బు) నాకు ముప్పై దాటీ దాటకుండానే వచ్చింది. నాన్నకీ ఉంది కాబట్టి పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఏడాదికి పైగా యూరిక్ యాసిడ్ తగ్గించే అల్లోపురినాల్ 300 వాడుతున్నాను, యూరిక్ యాసిడ్ 9 దాటి ఉండేది ఇప్పుడు 5.4కి దిగింది, ఎటాక్‌లు బాగా తగ్గాయి. రెండు నెలల కిందట మాత్రం ఒక పెద్దది వచ్చి జ్వరంతో సహా మంచం ఎక్కించింది, అప్పుడు ఎటాక్ తగ్గడానికి కోల్చిసిన్ కూడా మింగాను. అసలు సంగతి ఇది కాదు. పిల్లల కోసం ప్రయత్నిస్తూ ఏడాది దాటింది, ఏమీ లేదు. నిన్న ఊరికే డబ్బాలో మడిచి పెట్టే కాగితం తీసి చదివితే అరుదైన దుష్ప్రభావాల్లో ఎక్కడో చివర "పురుషుల్లో సంతానలేమి" అని ఉంది. దాని పక్కనే అంగస్తంభన సమస్య, రొమ్ములు పెరగడం. డాక్టర్‌కి ఫోన్ చేస్తే "ఏం కాదు, వాడండి" అని అర నిమిషంలో పెట్టేశారు. ఏం కాకపోతే ఎందుకు రాస్తారు? మందు ఆపేసి ఒక ఆర్నెల్లు చూద్దామనుకుంటున్నా. ఎవరైనా ఇలా చేశారా? వీర్య పరీక్ష ఇంకా చేయించలేదు, ముందే చెప్తున్నా, తిట్టకండి.

కుంటి_గుర్రం
తిట్టకుండా ఎలా బ్రో. వీర్యకణాల కౌంట్ ఎంతుందో తెలీదు, తగ్గిందో లేదో తెలీదు, దోషి మాత్రం అల్లోపురినాల్ అని తీర్పు ఇచ్చేశావు.

ప్రకృతే_మందు
నన్నడిగితే ఆపేయడమే మంచిది. ఎన్నేళ్లు మింగినా జబ్బు పోదు, మందుకి బానిస అవ్వడం తప్ప. నీళ్లు బాగా తాగండి, చెర్రీలు తినండి, మాంసం, బీరు మానేయండి. శరీరమే సర్దుకుంటుంది.

కుంటి_గుర్రం
@ప్రకృతే_మందు నేనూ బీరు మానేశాను, మాంసం మానేశాను, చివరికి నవ్వడం కూడా మానేశాను. యూరిక్ యాసిడ్ 8.9 నుంచి 8.1కి వచ్చింది. బొటనవేలుకి ఆ తేడా తెలియలేదు.

ఫార్మసీ_పద్మ
ఆ కాగితంలో జాబితా ఎలా తయారవుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. మందు వాడుతున్నవాళ్లలో ఎవరికి ఏం వచ్చినా, అది మందు వల్లే వచ్చిందో లేదో తేలకపోయినా, కంపెనీకి రిపోర్ట్ అందితే అందులోకి ఎక్కొచ్చు. అమెరికా లేబుల్‌లో అల్లోపురినాల్‌కి పురుషుల సంతానలేమి సరిగ్గా అలాంటి చోటే ఉంటుంది: ఒక శాతం కన్నా తక్కువమందిలో కనిపించినవి, మందుతో సంబంధం ఉందో లేదో తేలనివి. అదే లేబుల్‌లో ఇంకో పేజీలో, మనుషుల డోసుకి 20 రెట్ల దాకా ఎలుకలకీ కుందేళ్లకీ ఇచ్చి చూసినా సంతాన సామర్థ్యం తగ్గలేదని కూడా ఉంటుంది. ఆ పేజీ ఎవరూ చదవరు, భయపెట్టే లైనే కంటికి ఆనుతుంది.

ఈ మందు 1966 నుంచి వాడుకలో ఉంది. దీని వెనకున్న గెర్‌ట్రూడ్ ఎలియన్‌కీ జార్జ్ హిచింగ్స్‌కీ 1988లో నోబెల్ కూడా వచ్చింది. గౌట్ ఎక్కువగా వచ్చేది మగవాళ్లకే. దాదాపు అరవై ఏళ్లుగా ఇంతమంది మగవాళ్లు రోజూ మింగుతున్న మాత్ర నిజంగానే కౌంట్ పడేసేదైతే ఈపాటికి గగ్గోలు పుట్టేది.

సందేహాల_పుట్ట
@ఫార్మసీ_పద్మ గారూ, మీ చివరి మాటతో నేను ఒప్పుకోను. గౌట్ ఎక్కువమందికి వచ్చేది నలభై, యాభై దాటాక. అప్పటికి పిల్లలు పుట్టేసి స్కూళ్లకి వెళ్తుంటారు. కౌంట్ పడిపోయినా ఎవరికి తెలుస్తుంది? అరవై ఏళ్లుగా వాడుతున్నారు సరే, ఆ వాడినవాళ్ల వీర్యాన్ని ఎంతమంది పరీక్షించారండి?

ఫార్మసీ_పద్మ
మంచి ప్రశ్నే, కాదనను. కానీ అల్లోపురినాల్ పనిచేసే తీరు చూసినా భయపడే కారణం కనబడదు. అది ఆపేది యూరిక్ యాసిడ్ తయారుచేసే జాంథీన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్‌ని. కణ విభజన జోలికి పోదు, హార్మోన్ల జోలికీ పోదు. పైగా ఆ ఎంజైమ్ పనిచేసేటప్పుడు పుట్టే ఆక్సిజన్ రాడికల్సే వీర్యకణాలకి చెడ్డవి. ఆ లెక్కన చూస్తే మందు వల్ల కాస్త మేలే జరగాలి. అది సిద్ధాంతం మాత్రమే, దాన్ని పట్టుకుని కౌంట్ పెంచే మందని ప్రచారం చేయకండి మళ్లీ.

మావారి_తరఫున
మావారు సరిగ్గా మీరు అనుకుంటున్న పనే చేశారు @ఎర్ర_బొటనవేలు గారూ, నాకు చెప్పకుండా. పిల్లల కోసం అని అల్లోపురినాల్ ఆపేశారు. మొదట్లో ఏం కాలేదు, చూశావా ఏం కాలేదు అని నాకే క్లాసు పీకారు. తర్వాత మొదలైంది. బొటనవేలు, మడమ, ఆఖరికి మోకాలు. మోకాల్లోంచి సిరంజితో నీరు తీశారు. ఓవ్యులేషన్ రోజులు లెక్కపెట్టుకుని నేను ఎదురు చూస్తుంటే ఆయన మోకాలి కింద రెండు దిండ్లు పెట్టుకుని, ఫ్యాన్ గాలి తగిలినా కేకలు. దుప్పటి అంచు తగిలితేనే అరిచే మనిషితో ఏం ప్రయత్నాలు చేస్తామండి. ఒక్క అల్లోపురినాల్ తప్పించుకుందామని నొప్పీ వాపూ తగ్గించే ఇండోమెథసిన్, ప్రెడ్నిసలోన్, కోల్చిసిన్ మూడూ మింగారు. చివరికి డాక్టర్ మళ్లీ 100తో మొదలుపెట్టి మెల్లగా పెంచారు, మొదటి కొన్ని నెలలు కోల్చిసిన్ రోజుకొకటి తోడుగా ఇచ్చారు. మా పాప ఆయన అల్లోపురినాల్ వాడుతుండగానే కడుపున పడింది. నా ఒక్కదాని అనుభవం అందరికీ వర్తించదని తెలుసు, కానీ ఆపితే ఏమవుతుందో మాత్రం చూశాను.

కుంటి_గుర్రం
"ఫ్యాన్ గాలి తగిలినా కేకలు" అది చదివి నా కాలు దానంతటదే వెనక్కి లాక్కుంది.

ఎర్ర_బొటనవేలు
@మావారి_తరఫున గారూ, ఈ కోణం నేను ఆలోచించనే లేదు. ఆపితే ఎన్నాళ్లకి మొదలయ్యాయి ఎటాక్‌లు?

మావారి_తరఫున
కొన్ని నెలలు బాగానే ఉన్నారు. అదే మోసం. యూరిక్ యాసిడ్ మాత్రం కొన్ని వారాల్లోనే పాత స్థాయికి ఎక్కేసిందని తర్వాత రిపోర్టులు చూసి డాక్టర్ చెప్పారు.

ఫార్మసీ_పద్మ
రక్తంలో యూరిక్ యాసిడ్ 6.8 దాటితే యూరేట్ (దాని లవణం) కరగకుండా స్ఫటికాలు కట్టడం మొదలవుతుంది, అందుకే 6 లోపు ఉంచమంటారు, గడ్డలు కట్టినవాళ్లకి 5 లోపు. మందు ఆపగానే నొప్పి రాదు, స్ఫటికాలు చేరడానికి టైం పడుతుంది. ఆర్నెల్లు ఆపి చూస్తానంటే ఆ ఆర్నెల్ల చివర్లోనే మీకు అసలు కష్టం వస్తుంది, సరిగ్గా ప్రయత్నాలు జోరు మీదుండే టైంకి. ఇంకోటి, మళ్లీ మొదలుపెట్టేటప్పుడు నేరుగా 300 మింగకూడదు. తక్కువతో మొదలుపెట్టి పెంచాలి, లేదంటే మందే ఎటాక్ తెస్తుంది.

నీలి_మాత్ర
మా ఫ్రెండ్‌కి కీళ్ల మందు వల్లే కౌంట్ పడిపోయింది, డాక్టరే చెప్పాడు. కాబట్టి ఏం కాదు ఏం కాదు అనకండి అందరూ.

ఫార్మసీ_పద్మ
@నీలి_మాత్ర ఏ మందు?

నీలి_మాత్ర
పేరు తెలీదు, పసుపు రంగు పెద్ద మాత్ర, మూత్రం కూడా పచ్చగా వచ్చేదన్నాడు.

ఫార్మసీ_పద్మ
అది సల్ఫాసలజిన్ అయి ఉంటుంది. గౌట్‌కి కాదు, వేరే కీళ్ల వాతాలకీ పేగు పూతకీ ఇస్తారు. అది కౌంట్ తగ్గిస్తుందన్నది నిజమే, ఆపాక రెండు మూడు నెలల్లో తిరిగొస్తుంది. కీళ్ల మందులన్నీ ఒక గాటన కట్టేస్తే ఎలా, పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రమా?

నీలి_మాత్ర
సరే సరే, వాడికీ కౌంట్ తిరిగొచ్చింది, ఇప్పుడు కవలలు.

సందేహాల_పుట్ట
అల్లోపురినాల్ పక్కన పెట్టండి, నా అసలు అనుమానం కోల్చిసిన్ మీద. అది కణ విభజనని మధ్యలో ఆపే మందు. కణం చీలడానికి కావలసిన సన్నటి గొట్టాలు (మైక్రోట్యూబ్యూల్స్) కట్టకుండా వాటి ముడిసరుకు ట్యూబులిన్‌ని పట్టేసుకుంటుంది, కణం రెండుగా చీలలేదు. ఇంటర్ బయాలజీలో క్రోమోజోములు చూడ్డానికి వాడేది ఇదే. వీర్యం తయారవ్వడమంటేనే రాత్రింబవళ్లు కణ విభజన. మరి ఇది మింగితే ఏం కాదంటే ఎలా నమ్మాలి?

కుంటి_గుర్రం
గింజల్లేని పుచ్చకాయ తయారీలో కూడా కోల్చిసిన్ వాడతారట. గింజల్లేని పుచ్చకాయ. ఊరికే గుర్తు చేస్తున్నా.

ఎర్ర_బొటనవేలు
@కుంటి_గుర్రం నువ్వు మనిషివేనా 😂

పాత_పుస్తకాలు
పుచ్చకాయ దాకా ఎందుకు, రెండున్నర వేల ఏళ్ల కిందటే గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ పేరుతో ఒక మాట ఉంది, నపుంసకులకి గౌట్ రాదు, బట్టతల కూడా రాదు అని. అంటే ఈ జబ్బుకీ మగతనానికీ లంకె అప్పుడే చూశారు. ఆడవాళ్లకి ముట్లు ఆగాకే వస్తుందని కూడా అన్నారు, అది ఈరోజుకీ చాలావరకు నిజమే, ఈస్ట్రోజెన్ ఉన్నంతకాలం కిడ్నీలు యూరిక్ యాసిడ్‌ని బాగా బయటికి పంపుతాయి.

కుంటి_గుర్రం
నాకు గౌట్, బట్టతల రెండూ ఉన్నాయి. సర్టిఫికెట్ దొరికింది.

ఫార్మసీ_పద్మ
@సందేహాల_పుట్ట అనుమానం న్యాయమైనదే, డాక్టర్లకీ ఇదే అనుమానం వచ్చింది. 1972లో ఒక కేసు రాశారు, కోల్చిసిన్ వాడిన మనిషికి వీర్యంలో కణాలే లేకుండా పోయాయని. తర్వాత 1976లో ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లకి ఇచ్చి చూస్తే వీర్యంలోనూ హార్మోన్లలోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం గౌట్ వాళ్ల దగ్గర లేదు, ఫెమీలియల్ మెడిటరేనియన్ ఫీవర్ అని ఒక వంశపారంపర్య జబ్బుంది, అది ఉన్నవాళ్లు చిన్నప్పటి నుంచి జీవితాంతం రోజూ కోల్చిసిన్ వాడతారు. పెళ్లిళ్లు చేసుకుని పిల్లల్ని కంటున్నారు. వాళ్లలో కొందరికి సంతాన సమస్య వచ్చిన మాట నిజం, కానీ మందు వాడనివాళ్లలో ఆ జబ్బే వృషణాల్లో అమిలాయిడ్ అనే ప్రొటీన్ చేరేలా చేసి పాడు చేస్తుంది. అంటే అక్కడ మందు మానడమే ప్రమాదం.

అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ (కీళ్ల వాతం డాక్టర్ల సంఘం) 2020లో పునరుత్పత్తి గురించి ఇచ్చిన సూచనల్లో, తండ్రి కావాలనుకునే మగవాళ్లు కోల్చిసిన్ కొనసాగించవచ్చని గట్టిగానే చెప్పారు. ఆపమన్నది సైక్లోఫాస్ఫమైడ్, థాలిడోమైడ్ లాంటివి.

కణ విభజన సంగతికొస్తే, ల్యాబులో గాజు పలక మీద వేసే మోతాదు వేరు, 0.5 మాత్ర మింగితే రక్తంలోకి చేరేది వేరు. రక్తంలో ఆ స్థాయికి వస్తే కౌంట్ గురించి కాదు, ప్రాణం గురించి ఆలోచించాలి. మోతాదు మించితే కోల్చిసిన్ నిజంగా విషమే. క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌తో కలిపి మింగినా ప్రమాదమే. డాక్టర్‌కి చెప్పకుండా నొప్పి తగ్గలేదని ఇంకోటి ఇంకోటి వేసుకునేవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే వినండి.

సందేహాల_పుట్ట
అరుదుగా జరిగినా సున్నా కాదు కదా. 1972 మనిషి సంగతి?

ఫార్మసీ_పద్మ
సున్నా అని నేనూ అనలేదు. కోల్చిసిన్ లేబుల్‌లో కూడా అరుదు అనే రాశారు, ఒకరికి ఆపాక కణాలు తిరిగొచ్చాయని కూడా రాశారు. రోజూ వాడుతూ కౌంట్ బాగా తక్కువగా ఉండి, వేరే కారణం ఏదీ దొరక్కపోతే, అప్పుడు డాక్టర్‌తో మాట్లాడి కోల్చిసిన్ ఆపి మూడు నెలల తర్వాత పరీక్ష చేయించొచ్చు. ఎటాక్ వచ్చినప్పుడు రెండు రోజులు మింగేవాడికి అది కూడా అనవసరం.

ల్యాబ్_రాజు
రోజూ ఈ శాంపిళ్లతోనే నా బతుకు కాబట్టి నా మాట వినండి. ముందు పరీక్ష చేయించుకో @ఎర్ర_బొటనవేలు. రెండు రోజుల నుంచి ఏడు రోజుల దాకా విరామం ఉండాలి, పది రోజులు దాచుకుని వస్తే ఎక్కువ మార్కులు రావు, కదలిక పడిపోతుంది. శాంపిల్ మొత్తం డబ్బాలో పడాలి, మొదటి బొట్లు పోతే అక్కడే చెప్పు, ఎక్కువ కణాలు వాటిలోనే ఉంటాయి. ఇంటి దగ్గర ఇస్తే గంట లోపు చేరాలి, ఒంటికి దగ్గరగా పెట్టుకుని తేవాలి, డబ్బా చుట్టూ ఐస్ పెట్టి తెచ్చిన మహానుభావుడు ఉన్నాడు.

ఒక్క పరీక్షతో ఏదీ తేలదు. ఒకే మనిషికి నెలకీ నెలకీ కౌంట్ సగానికి సగం మారడం నేను చూస్తూనే ఉంటాను. కణం తయారవడానికి దాదాపు 74 రోజులు, బయటికి రావడానికి ఇంకొన్ని రోజులు. అంటే ఇవాళ డబ్బాలో పడేది దాదాపు మూడు నెలల కిందట మొదలైన సరుకు. నీకు రెండు నెలల కిందట జ్వరం వచ్చిందన్నావు, ఆ దెబ్బ ఇప్పుడు కనబడొచ్చు.

ఎర్ర_బొటనవేలు
చేయించాను. ఇవాళే వచ్చింది. 2.1 ఎంఎల్, కౌంట్ ఎంఎల్‌కి 9 మిలియన్లు, కదలిక మొత్తం 34 శాతం, సరైన ఆకారం 3 శాతం. రిపోర్ట్ మీద ఎర్రగా మూడు బాణాలు. ఇప్పుడేమంటారు? ఈ రాత్రి నుంచే అల్లోపురినాల్ బంద్.

కుంటి_గుర్రం
ఆగు ఆగు ఆగు.

ల్యాబ్_రాజు
ఆ డబ్బా కింద పెట్టు ముందు. 2021 ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం కింది హద్దు ఎంఎల్‌కి 16 మిలియన్లు, మొత్తం 39 మిలియన్లు, కదలిక 42 శాతం, ఆకారం 4 శాతం. నీది మొత్తం 19 దాకా వస్తుంది, తక్కువే, దాచేదేం లేదు. కానీ ఆ హద్దులు ఎక్కడివో తెలుసా? ఏడాదిలోపు తండ్రులైన మగవాళ్లందర్నీ వరసలో నిలబెడితే అట్టడుగు ఐదు శాతం దగ్గర గీసిన గీత. అంటే ఆ గీత కింద ఉన్నవాళ్లు కూడా తండ్రులయ్యారు. ఇంకో రెండు నెలలాగి మళ్లీ చేయించు.

ప్రకృతే_మందు
నేను మొదట్లోనే చెప్పాను. వినలేదు.

మావారి_తరఫున
@ప్రకృతే_మందు జ్వరం సంగతి చెప్పారు కదా రాజుగారు, అది చదవలేదా మీరు?

ఆలస్యంగా_వచ్చా
మొత్తం ఇప్పుడే చదివాను. ఒక్క ప్రశ్న ఎవరూ అడగలేదే. @ఎర్ర_బొటనవేలు అల్లోపురినాల్ కాకుండా ఇంకేం వాడుతున్నావు? మాత్ర, పౌడర్, సూది, నూనె, లేపనం, ఏదైనా సరే. జుట్టు రాలకుండా మాత్ర ఏమైనా? సిగరెట్? వేడి నీళ్ల తొట్లో గంటలు గంటలు కూర్చోవడం? వేరికోసీల్ (వృషణాల దగ్గర సిరలు ఉబ్బడం) ఉందా అని ఎవరైనా చూశారా?

ఎర్ర_బొటనవేలు
బీపీకి లోసార్టాన్, అది యూరిక్ యాసిడ్‌కి కూడా మంచిదని ఇచ్చారు. సిగరెట్ లేదు. ఎటాక్ వస్తే నాప్రాక్సెన్ అనే నొప్పి మాత్ర. మందులంటే అంతే. ఒక జెల్ రాసుకుంటాను భుజాలకి, అది మందు కాదు, ఎప్పుడూ నీరసంగా ఉంటోందని ఒక వెల్‌నెస్ క్లినిక్‌లో ఇచ్చారు, ఏడాది అయ్యుంటుంది. మగ హార్మోన్. దాని వల్ల ఈ విషయంలో మేలే కదా?

ల్యాబ్_రాజు
దొరికింది.

ఫార్మసీ_పద్మ
అయ్యో. టెస్టోస్టిరాన్ జెల్.

కుంటి_గుర్రం
రెండు పేజీలుగా అల్లోపురినాల్‌ని బోనులో నిలబెట్టి కొడుతున్నాం. అసలు దొంగ భుజం మీద కూర్చున్నాడు.

ఎర్ర_బొటనవేలు
ఎవరైనా అర్థమయ్యేలా చెప్తారా? మగ హార్మోన్ వేసుకుంటే వీర్యం ఎలా తగ్గుతుంది? తలకిందులుగా ఉందే.

ఆలస్యంగా_వచ్చా
నాకు ఇదే జరిగింది, జిమ్ ట్రైనర్ సూదులు, అందుకే అడిగాను. మెదడు రక్తంలో టెస్టోస్టిరాన్ ఎంతుందో చూసుకుంటూ ఉంటుంది. బయటి నుంచి దండిగా వస్తుంటే, ఇంక మనం చెప్పక్కర్లేదులే అని వృషణాలకి పంపే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు సంకేతాలూ ఆపేస్తుంది. వీర్యం తయారవ్వాలంటే వృషణాల లోపల టెస్టోస్టిరాన్ రక్తంలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఉండాలి, అది అక్కడే తయారవ్వాలి. సంకేతం ఆగితే లోపల ఎండిపోతుంది, బయట రక్తపరీక్షలో మాత్రం మహారాజులా కనబడతావు. నాకైతే కౌంట్ సున్నా వచ్చింది. కండలు మాత్రం బ్రహ్మాండంగా ఉండేవి.

దీన్ని మగవాళ్ల గర్భనిరోధకంగా కూడా పరీక్షించారు. 1990లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫలితాలు బయటపెట్టింది, వారం వారం టెస్టోస్టిరాన్ సూదులు ఇచ్చి. బాగానే పనిచేసింది. నీకు పిల్లలు కావాలని ఒకవైపు ప్రయత్నం, రోజూ పొద్దున్నే గర్భనిరోధకం రాసుకోవడం ఇంకోవైపు.

ఎర్ర_బొటనవేలు
ఆ క్లినిక్‌లో పిల్లలున్నారా, కావాలా అని ఒక్క మాట అడగలేదు. సంతకం పెట్టించుకున్నారు, డబ్బు కట్టించుకున్నారు, అంతే. ఇప్పుడు కోపంతో చేతులు వణుకుతున్నాయి.

మావారి_తరఫున
ఇంకో విషయం, మీ ఆవిడకి ఆ జెల్ తగలకుండా చూసుకోండి వెంటనే. రాసుకున్న చోట ఒళ్లు తగిలితే ఎదుటివాళ్లకి అంటుకుంటుంది. గర్భం కోసం చూస్తున్న ఆడమనిషికి అది అస్సలు మంచిది కాదు.

ఫార్మసీ_పద్మ
అవును, చిన్నపిల్లలకి అలా అంటుకుని ఇబ్బందులు వస్తే 2009లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ డబ్బా మీదే పెద్ద హెచ్చరిక పెట్టించింది. ఇంకా చెప్పాలంటే టెస్టోస్టిరాన్ యూరిక్ యాసిడ్‌ని కూడా కాస్త పెంచుతుంది. ఆ పెద్ద ఎటాక్‌కి ఇదే కారణమని నేననను, కానీ మీ కీళ్ల డాక్టర్‌కి జెల్ సంగతి తెలుసా?

ఎర్ర_బొటనవేలు
తెలీదు. మందులేం వాడుతున్నావంటే మాత్రలే చెప్పాను.

సందేహాల_పుట్ట
సరే, ఈ కేసులో జెల్ అనే ఒప్పుకుంటాను. కానీ ఒకటి. ఎటాక్ వచ్చినప్పుడల్లా వేసుకునే నొప్పి మాత్రల సంగతెవరూ మాట్లాడరేం? 2018లో ఐబుప్రోఫెన్ మీద ఒక అధ్యయనం వచ్చింది, కుర్రాళ్లకి రోజుకి 1200 మిల్లీగ్రాములు ఆరు వారాలు ఇస్తే హార్మోన్ల సమతూకం చెదిరింది, ఎల్‌హెచ్ పెరిగిపోయింది.

ఫార్మసీ_పద్మ
పెరిగింది, కానీ టెస్టోస్టిరాన్ నిలబడింది, అంటే శరీరం ఎక్కువ కష్టపడి సరిచేసుకుంది. అది 31 మంది మీద చేసిన చిన్న అధ్యయనం, అందులో వీర్యం కొలవలేదు కూడా. ఎటాక్‌కి నాలుగు రోజులు వేసుకునేవాళ్లకి అది వర్తించదు. నెలల తరబడి రోజూ నొప్పి మాత్రలు మింగేవాళ్లు కౌంట్ కన్నా ముందు కిడ్నీ గురించి ఆలోచించాలి. ఇప్పుడు మీరే చెప్పండి, నొప్పి మాత్రలు తగ్గించుకోవాలంటే ఏం చేయాలి? ఎటాక్‌లు రాకూడదు. అవి రాకూడదంటే?

సందేహాల_పుట్ట
అల్లోపురినాల్ మింగాలి. సరే, పట్టేశారు.

నీలి_మాత్ర
నాకు అజథయోప్రిన్ నడుస్తోంది పేగు జబ్బుకి. ఈమధ్య యూరిక్ యాసిడ్ ఎక్కువైంది. అల్లోపురినాల్ ఇంట్లో నాన్నది ఉంది, వేసుకోవచ్చా?

ఫార్మసీ_పద్మ
వద్దు!! ఈ రెండూ కలిస్తే అజథయోప్రిన్ శరీరంలో విరగకుండా పేరుకుపోయి ఎముక మజ్జని దెబ్బ తీస్తుంది, ప్రాణాల మీదికి వస్తుంది. తప్పనిసరై ఇచ్చినా అజథయోప్రిన్ డోసుని మూడో వంతుకో నాలుగో వంతుకో తగ్గించి రక్తపరీక్షలు చేస్తూ ఇస్తారు. ఫెబుక్సోస్టాట్ అనే ఇంకో యూరిక్ యాసిడ్ మందుతో కూడా అదే గొడవ. నాన్నగారి డబ్బా నాన్నగారికే ఉంచండి.

నీలి_మాత్ర
సరే అక్కా, ముట్టుకోను.

ఎర్ర_బొటనవేలు
మగవాళ్ల సంతాన సమస్యలు చూసే ఆండ్రాలజిస్ట్‌ని కలిసి వచ్చాను. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ రెండూ దాదాపు అడుగంటాయి, టెస్టోస్టిరాన్ మాత్రం పై హద్దు దగ్గర ఉంది. @ఆలస్యంగా_వచ్చా చెప్పిందే ఆయన కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. వేరికోసీల్ లేదట. జెల్ మానేయమన్నారు, సంకేతాలు త్వరగా తిరిగి మొదలవ్వడానికి ఒక మాత్ర రాశారు. కొన్ని నెలలు పడుతుందట, కొందరికి ఏడాది దాటుతుందట. మధ్యలో నీరసం, చిరాకు, మూడ్ లేకపోవడం ఉంటాయి, భయపడొద్దన్నారు. అల్లోపురినాల్ ఆపనా అనడిగితే, ఆపితే నా దగ్గరికి రావొద్దన్నారు నవ్వుతూ.

మావారి_తరఫున
హమ్మయ్య. మీ ఆవిడకి చెప్పారా అంతా?

ఎర్ర_బొటనవేలు
చెప్పాను. జెల్ డబ్బా ఆవిడే చెత్తబుట్టలో వేసింది, వేసిన తీరు చూస్తే నన్నూ వేసేస్తుందేమో అనిపించింది.

ల్యాబ్_రాజు
మూడు నెలలయ్యాక అదే ల్యాబులో, అన్నే రోజుల విరామంతో చేయించు, అప్పుడే పోల్చడానికి కుదురుతుంది. వేరే ల్యాబుకి వెళ్లి పెరిగింది తగ్గింది అనుకోవద్దు.

ఆలస్యంగా_వచ్చా
నీరసం సంగతి తేలిగ్గా తీసుకోకు, మొదటి రెండు నెలలు నాకు నరకం. మళ్లీ జెల్ వైపు చెయ్యి వెళ్తుంది. అప్పుడు ఇక్కడికొచ్చి రాయి. ఇంకోటి, అసలు నీరసం ఎందుకొచ్చిందో చూపించుకో. గౌట్, బీపీ రెండూ ఉన్నవాళ్లకి నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉండే అవకాశం ఎక్కువ. గురక పెడతావా?

ఎర్ర_బొటనవేలు
ఆవిడని అడిగితే "గురకా? అది గురక కాదు, రోడ్డు రోలర్" అంది.

ఆలస్యంగా_వచ్చా
అయితే నిద్ర పరీక్ష చేయించు. నీరసం అక్కడి నుంచే వస్తుంటే జెల్ అవసరమే ఉండేది కాదు.

ప్రకృతే_మందు
చెర్రీలు మాత్రం మానకండి.

కుంటి_గుర్రం
తింటాం గురూ, అల్లోపురినాల్ మింగి తింటాం.

కొత్త_సభ్యుడు
నేను ఫెబుక్సోస్టాట్ 40 వాడుతున్నా, నాకూ పిల్లల ప్లాన్ ఉంది. పైవన్నీ దానికీ వర్తిస్తాయా?

ఫార్మసీ_పద్మ
పనిచేసే ఎంజైమ్ అదే, ఎలుకల్లో మనుషుల డోసుకి ఎన్నో రెట్లు ఇచ్చినా సంతానానికి అడ్డు రాలేదు. దాని మీద ఉన్న అసలు హెచ్చరిక వేరు, 2019లో ఎఫ్‌డీఏ గుండె మరణాల గురించి పెట్టింది, తర్వాత 2020లో వచ్చిన ఇంకో పెద్ద ట్రయల్‌లో ఆ ముప్పు కనబడలేదు. గుండె జబ్బు ఉంటే డాక్టర్‌తో మాట్లాడండి. మీ మందులన్నీ రాస్తూ వేరే థ్రెడ్ పెట్టండి, లేపనాలతో సహా.